రంగం నుంచి వచ్చిన పిల్ల: 1942 కాందిశీకుల బిడ్డ, నాటకాల మేనమామ, చిక్కుపడ్డ కాగితాలు

“మా నాయనమ్మ రంగం నుంచి వచ్చింది. బాగా చిన్నప్పుడే. వాళ్ళ మేనమామ నాటకాలాయన, ఆయనే పెంచాడు.”

గుంటూరు, తెనాలి, బెజవాడ ప్రాంతాల్లో ఇలాంటి మాట మిగిలిన ఇళ్ళలో చిక్కు మొదటి పదంతోనే మొదలవుతుంది. పక్కనే నాటకాల ఊసుంది కాబట్టి రంగమంటే రంగస్థలమే అనుకుంటారు మనవలు. నాయనమ్మ చిన్నప్పుడు వేషాలు వేసేదట అని చెప్పుకుంటారు. కాకినాడ, విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళను అడగండి, రంగమంటే రంగూన్ అని వెంటనే చెబుతారు. “రంగం పోయాడు” అంటే ఓడెక్కి బర్మా వెళ్ళాడని. ఆ ఒక్క మాట సరిగ్గా అందితే చాలు, ఇంటి కథ వెళ్ళి 1942లో నిలబడుతుంది.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయి వేరే పాలన కిందికి వెళ్ళింది. కాబట్టి 1942లో బెజవాడ స్టేషన్‌లో దిగిన ఆ పిల్ల, కాగితం ప్రకారం, పరాయి దేశం నుంచి వచ్చిన కాందిశీకురాలు, అంటే శరణార్థి. తల్లిదండ్రుల ఊరు గోదావరి జిల్లాలో ఉండవచ్చు. తను పుట్టింది, నడక నేర్చింది మాత్రం రంగూన్‌లో. తనకు ఈ నేల కొత్త, మేనమామ మొహం కొత్త, ఆయన ఇంట్లో రాత్రంతా మెలకువ, పగలంతా నిద్ర అన్న పద్ధతీ కొత్తే.

ఈ కథను విప్పాలనుకునేవాళ్ళు సాధారణంగా పిల్ల వెనక పడతారు. ఏ ఓడలో వచ్చింది, ఏ శిబిరంలో ఉంది, ఏ రిజిస్టరులో పేరుంది అని. ఆ దారిలో వెళితే నెలలు గడుస్తాయి, చేతికేమీ రాదు. రేవులో పనిచేసిన మనిషి బిడ్డ పేరు ఆ రోజుల్లో ఎవరూ నిలకడగా రాయలేదు. పెంచిన మేనమామ పేరు మాత్రం ఊరూరా కరపత్రాల మీద అచ్చయింది. కాబట్టి వెతకాల్సింది వేషం వెనక.

ఇల్లు వదిలింది విషులోనా, చిత్రభానులోనా?

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో 10,17,825 మంది భారతీయులున్నారు. రంగూన్ నగరంలో 4,00,415 మంది ఉంటే అందులో 2,12,929 మంది మనవాళ్ళే, అంటే సగానికి పైన. తెలుగువాళ్ళు ఎక్కువగా రేవులో బరువులు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడి రికార్డుల్లో వాళ్ళను కోరంగీలని రాశారు. అప్పిచ్చి ఓడెక్కించేదీ, అక్కడ పనిలో పెట్టేదీ మేస్త్రీయే. వెళ్ళినవాళ్ళలో చాలామంది ఒంటరి మగవాళ్ళు, నాలుగేళ్ళు కష్టపడి తిరిగొచ్చే మనుషులు. పెళ్ళాం పిల్లలతో అక్కడ కాపురం ఉందంటే ఆ కుటుంబం కాస్తో కూస్తో నిలదొక్కుకున్నదని లెక్క. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బర్మా వెళ్ళినవాళ్ళు ఉత్తర కోస్తాతో పోలిస్తే తక్కువ. మీ ఇంట్లో రంగం మాట ఉంటే, పిల్ల తండ్రి ఊరు గోదావరికి ఆవల ఉండే అవకాశాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి.

రంగూన్ మీద జపాన్ బాంబులు మొదట పడింది 1941 డిసెంబర్ 23న. రెండు రోజులకు, క్రిస్మస్ నాడు, మళ్ళీ పడ్డాయి. విమానాలను చూద్దామని వీధుల్లోకి వచ్చినవాళ్ళు, రేవులో పనిలో ఉన్నవాళ్ళు పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి వెళ్ళింది. ఏప్రిల్ 3న మాండలే తగలబడింది. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ కొద్ది నెలల్లో బర్మా వదిలారని అంచనా.

మన పెద్దవాళ్ళు ఈ తేదీలు చెప్పరు, సంవత్సరం పేరు చెబుతారు. అదే పెద్ద ఆధారం. మొదటి బాంబులు పడింది విషు నామ సంవత్సరం పుష్యమాసంలో. రంగూన్ పడిపోయిన పది రోజుల లోపే ఉగాది వచ్చి చిత్రభాను మొదలైంది. “విషులోనే వచ్చేసింది” అన్న మాట ఇంట్లో ఉంటే పిల్ల ఓడలో వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. “చిత్రభానులో వచ్చింది” అంటే అప్పటికి రంగూన్ రేవు లేదు, కొంత దూరమైనా కాలినడకే. “వానల్లో వచ్చారు” అన్న మాట ఉంటే మే నెల నడిమి తర్వాత, అన్నిటికంటే చెడ్డ కాలంలో బయటపడ్డారని.

ఓడా నడకా అన్నది ఎందుకంత ముఖ్యమంటే, బిడ్డ ఎవరి నుంచి విడిపోయిందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఓడలు చాలలేదు. రేవు నడవాలంటే మనుషులు కావాలి కాబట్టి డెక్కు మీద వెళ్ళే మగ కూలీలకు ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. ఆడవాళ్ళను, పిల్లలను ముందు ఎక్కించారు. అలా వచ్చిన బిడ్డకు దూరమైంది తండ్రి. నడిచొచ్చిన బిడ్డ సంగతి వేరు. ప్రోమ్ నుంచి తౌంగప్ దాకా కొండల్లో నూరు మైళ్ళకు పైన నడవాలి. దారిలో నీళ్ళు తక్కువ, కలరా ఎక్కువ. అక్కడి నుంచి పడవల మీద అక్యాబ్, ఆ పైన చిట్టగాంగ్. ఉత్తరాన తమూ మీదుగా ఇంఫాల్ వైపు ఇంకో దారి, ఆ దారిన దిమాపూర్ చేరితే రైలు. ఇవి రెండూ కుదరనివాళ్ళు హుకాంగ్ లోయ అడవుల్లో పడి లెడో వైపు వెళ్ళారు. నడక దారుల్లో ముందు పోయేది పసిపిల్లల తల్లులు. తన వాటా నీళ్ళు, గంజి బిడ్డకు పోసి తను పడిపోయేది తల్లి. నడిచొచ్చిన బిడ్డలు తల్లిలేని బిడ్డలు కావడానికి కారణం చాలాసార్లు ఇదే.

దారిలో పేరు ఎక్కడ జారిపోయింది?

మొదటి చోటు శిబిరం. చిట్టగాంగ్‌లో, కలకత్తాలో, దిమాపూర్‌లో పేర్లు రాసుకున్న గుమస్తాలకు తెలుగు రాదు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు చెబుతారు, అసలు పేరు తర్వాత. రాసేవాడు మొదటి మాటను పేరనుకున్నాడు, రెండోదాన్ని తండ్రి పేరనుకున్నాడు, లేదా వదిలేశాడు. పిల్లలైతే ముద్దుపేరే చెప్పారు. బుజ్జి, చిట్టి, పాప అని రాసిన పేరు పట్టుకుని ఎనభై ఏళ్ళ తర్వాత ఎవరిని వెతకగలం?

రెండో చోటు రైలు టిక్కెట్టు. కాందిశీకులను ఊళ్ళకు చేర్చేటప్పుడు వెళ్ళాల్సిన స్టేషను పేరే సొంత ఊరుగా కాగితం మీదికి ఎక్కడం మామూలు. హౌరా నుంచి వాల్తేరు దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే, అక్కడి నుంచి బెజవాడ మీదుగా మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే. గుంటూరుకో తెనాలికో పోవాల్సినవాళ్ళకు బెజవాడే గుర్తు. కాబట్టి ఎక్కడైనా “బెజవాడ” అని కనిపిస్తే అది దిగిన చోటే కావచ్చు, ఊరు కాకపోవచ్చు.

మూడోది, ఎవరి చేతుల్లో వచ్చిందన్నది. తల్లి పోయిన బిడ్డను అదే మేస్త్రీ కింద పనిచేసినవాళ్ళో, పక్క ఇంటివాళ్ళో ఎత్తుకొచ్చేవారు. శిబిరంలో వాళ్ళ కుటుంబం కిందే లెక్క రాయించేవారు, ఆ లెక్క మీదే తిండీ టిక్కెట్టూ దొరికేవి కాబట్టి. అది మోసం కాదు, బిడ్డను బతికించే దారి. కానీ ఆ రాతను తర్వాతివాళ్ళు పట్టుకుంటే, పిల్లకు లేని అమ్మానాన్నలు, లేని అన్నదమ్ములు పుట్టుకొస్తారు.

పైగా 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. కోస్తా ఊళ్ళు సగం ఖాళీ అయ్యాయి. తండ్రి ఊరికి చేరిన బిడ్డను మళ్ళీ లోపలి ఊళ్ళలోని చుట్టాల దగ్గరికి పంపిన ఇళ్ళున్నాయి. కాకినాడ దాకా వచ్చిన పిల్ల తెనాలిలో తేలడానికి ఇదొక కారణం.

నాటకాలాయన ఇంటికే ఎందుకు చేరింది?

దిక్కులేని బిడ్డ చెప్పగలిగింది ఒక పేరు. పొలం చేసుకునే బాబాయి పేరు చెబితే రైల్వే స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. పాత్రధారి పేరు చెబితే టీ కొట్టువాడికీ, జట్కావాడికీ తెలుసు. అదొక్కటే అనుకోవడం సరికాదు గానీ, అది చిన్న కారణమూ కాదు. పాత్రధారులకు రంగూన్ కొత్త చోటు కూడా కాదు. తెలుగు నాటకాలను అక్కడి తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుకు రంగూన్‌లో బంగారు కిరీటం పెట్టారు. అక్కడ నాటకం ఆడి వచ్చినవాడి చిరునామా అక్కడి కుటుంబాల దగ్గర ఉండేది.

ఇంకోటి, నాటకాల ఇల్లు జనం ఉండే ఇల్లు. హార్మోనియం పెట్టె వాయించే ఆయన, వంటమనిషి, వేషం నేర్చుకునే కుర్రాళ్ళు, ఊరి నుంచి వచ్చిన కాంట్రాక్టరు. ఒక కంచం పెరిగితే తెలియదు. చేతికి డబ్బు రాత్రికి రాత్రి వచ్చేది, అది పొలం ఇంట్లో ఉండదు. కానీ ఆ డబ్బు సీజనుదే. పంట ఇంటికొచ్చాక సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా నాటకాలు. కోటప్పకొండ తిరునాళ్ళ లాంటి చోట్ల శివరాత్రికి గిరాకీ. వానలు పడితే పందిరి లేదు, నాటకం లేదు. యుద్ధం వచ్చాక కిరసనాయిలు దొరకడం కష్టమైంది, పెట్రోమాక్సు లైట్లు వెలగాలంటే అదే కావాలి. కోస్తాలో రాత్రి వెలుతురు కనబడకూడదన్న ఆంక్షలొచ్చాయి. కాబట్టి పెంచిన మేనమామకు డబ్బుందని గానీ లేదని గానీ ఒక్క మాటలో తేల్చేయకూడదు. ఏ నెలలో అన్నది చూడాలి.

ఇక బిడ్డ చేసిన పని. పెంచిన ఇంట్లో పిల్లలు ఊరికే కూర్చోరు. పద్యనాటకాల్లో లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, లవకుశులు అన్నీ పిల్లల వేషాలే. హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి వేషం ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. తెర లేచేది రాత్రి తొమ్మిదిన్నర, పది. మొదటి అంకాల్లో బిడ్డకు కొద్ది మాటలు, ఒకటో రెండో పద్యాలు. తర్వాత పెట్టెల పక్కన గోనెపట్టా మీద పడుకోబెడతారు. ముఖానికి పూసిన రంగు చెరగకుండా వెల్లకిలా పడుకోవాలి. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము. పాము కాటుతో చనిపోయిన బిడ్డగా తల్లి వేషధారి ఒడిలో, నేల మీద, పద్యాలన్నీ అయ్యేదాకా కదలకుండా ఉండాలి. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటి నుంచి. దోమ కుట్టినా కనురెప్ప కదపకూడదు. తౌంగప్ దారిలో చచ్చినవాళ్ళ పక్కన నడిచొచ్చిన బిడ్డ, చచ్చినట్టు పడుకునే వేషం కట్టడం. ఇంటి కథల్లో “చిన్నప్పుడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేది” అన్న మాట ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మగపిల్లల విషయంలో ఈ వేషాలు మంచి ఆధారం కూడా. పిల్లవాడి గొంతు 13, 14 ఏళ్ళకు మారుతుంది. అప్పటిదాకా హెచ్చు శ్రుతిలో పాడినవాడు పాడలేడు, వేషం పోతుంది. కరపత్రంలో “మాస్టర్” అని అచ్చయిన పేరు ఒక సీజను నుంచి కనబడటం మానేస్తే, ఇంట్లో “పారిపోయాడు”, “మద్రాసు వెళ్ళిపోయాడు” అని కథలు పుడతాయి. చాలాసార్లు జరిగింది గొంతు మారడమే. ఆ ఏడాదిలోంచి పదమూడో పద్నాలుగో తీసేస్తే పుట్టిన ఏడాది దగ్గర దగ్గరగా వస్తుంది. బడి రిజిస్టరు తేదీ కంటే ఇది నమ్మదగింది కూడా కావచ్చు.

“పెంచుకున్నాడు” అన్న మాటలో మూడు సంగతులు

కాగితాల దగ్గర అసలు ముడి ఇక్కడుంది. పెంపకం వేరు, గార్డియన్‌గా ఉండటం వేరు, దత్తత వేరు. తెలుగులో మూడింటికీ “పెంచుకున్నాడు” అనేస్తాం.

మేనమామ అన్నం పెట్టి, బడిలో వేసి, పెళ్ళి చేస్తే అది పెంపకం. దానివల్ల ప్రేమ వస్తుంది, హక్కు రాదు. గార్డియన్ కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో అర్జీ వేసి ఉత్తర్వు తెచ్చుకోవాలి. బిడ్డ పేరున ఆస్తి ఉంటే తప్ప ఆ రోజుల్లో అంత దూరం వెళ్ళినవాళ్ళు అరుదు. తండ్రి బర్మాలో బతికి ఉన్నాడో లేడో తెలియదు కూడా. 1942 మార్చి నుంచి 1945 మే 3న రంగూన్ మళ్ళీ బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చేదాకా మామూలు టపా లేదు. మూడేళ్ళకు పైన కబురు లేని తండ్రి కోసం ఎదురుచూస్తూ, తాత్కాలికం అనుకున్నదే శాశ్వతమైంది. ఈ ఎదురుచూపు వల్లే దత్తత ఊసు కూడా రాలేదు. బతికున్నాడేమో అన్న మనిషి బిడ్డను అడగకుండా ఎలా తీసుకుంటారు?

దత్తత చట్టప్రకారం చెల్లడం ఇంకా కష్టం. 1956కు ముందు హిందూ శాస్త్రంలో దత్తత మగపిల్లవాడికే. బిడ్డను ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఎదురెదురుగా ఉండి ఇచ్చిపుచ్చుకోవాలి, ఇచ్చే హక్కు తల్లిదండ్రులదే. ఆడపిల్లను దత్తత తీసుకునే ఆచారం ఉన్నది పాటా ఆటా వృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాల్లో. కొత్త దత్తత చట్టం 1956 డిసెంబర్ 21న వచ్చింది. ఆడపిల్లకూ దారి తెరిచింది గానీ, వేరే ఆచారం ఉంటే తప్ప, బిడ్డకు పదిహేనేళ్ళు నిండకూడదంది. లెక్క వేయండి. ఆ రోజుకు పదిహేను నిండకుండా ఉండాలంటే 1941 డిసెంబర్ 21 తర్వాత పుట్టాలి, అంటే రంగూన్ మీద బాంబులు పడ్డ వారంలోనో ఆ తర్వాతో. దారి పొడుగునా నడిచి, నాటకాల్లో లోహితాస్యుడి వేషం కట్టిన వయసు పిల్లలెవరూ ఆ చట్టం కిందికి రారు.

మరి బడి కాగితాల్లో మేనమామే తండ్రి అని ఎలా ఉంది? రిజిస్టరులో ఆ గడి పేరు “తండ్రి లేక సంరక్షకుడు”. చేర్పించినవాడు సంరక్షకుడిగా సంతకం పెట్టాడు. పై తరగతికి, వేరే బడికి కాగితం మారేటప్పుడు గుమస్తా పేరు ఎక్కించాడు, పక్కనున్న “సంరక్షకుడు” అన్న మాట ఎక్కించలేదు. మేనమామ ఇంటిపేరే పిల్ల ఇంటిపేరైంది. పుట్టినతేదీ జూలై 1 అని ఉంటే అది బడి తెరిచే కాలానికి వయసు సరిపెట్టిన తేదీ అనుకోండి.

ఇది విడదీయడానికి మన ఆచారమే ఒక సాక్ష్యం ఇస్తుంది. ఆ పిల్లను మేనమామ కొడుక్కే ఇచ్చి మేనరికం చేశారా? చేసి ఉంటే దత్తత మాట కొట్టేయవచ్చు. కూతురుగా తీసుకున్న పిల్ల ఆ ఇంటి కొడుక్కి చెల్లెలవుతుంది, పెళ్ళి కుదరదు. బయటి సంబంధం చేసి ఉంటే శుభలేఖ చూడండి. “కుమార్తె” అని వేశారా, “మేనకోడలు” అని వేశారా? పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు ఎవరి గోత్రం చెప్పారో గుర్తున్నవాళ్ళుంటే అది శుభలేఖ కంటే గట్టిది. పెంచింది బాబాయి అయితే ఈ కిటుకు పనిచేయదు, ఇంటిపేరూ గోత్రమూ ఒకటే కాబట్టి. అక్కడ తాత పేరు దాకా వెళ్ళాలి.

ఇంటిస్థలం పంపకాల దగ్గర కొందరు పెంపుడు కూతురు అని వాదించి కేసు పోగొట్టుకుంటారు. నిజం చెప్పుకుంటే మేలు జరిగే సందర్భాలు కూడా ఉన్నాయి. 1956 తర్వాత వీలునామా రాయకుండా చనిపోయిన హిందూ పురుషుడికి భార్య, బిడ్డలు, తల్లి లాంటి మొదటి తరగతి వారసులు లేకపోతే ఆస్తి రెండో తరగతికి వెళుతుంది. మేనల్లుడు, మేనకోడలు ఆ రెండో తరగతిలో నాలుగో పద్దులో ఉన్నారు. తండ్రి మొదటి పద్దులో, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు రెండో పద్దులో ఉంటారు, వాళ్ళలో ఎవరు బతికున్నా వాళ్ళదే ముందు. కాబట్టి నిరూపించాల్సింది దత్తత కాదు, రక్తసంబంధం. తల్లి ఎవరి చెల్లెలో తేల్చే కాగితం ముఖ్యం.

పెంచింది మేనమామ కాక పెద్దమ్మో, పిన్నమ్మో అయి, ఆమె పాటా ఆటా వృత్తిగా ఉన్న స్త్రీ అయితే, ఇళ్ళలో ఈ కథను సగం దాచేసి ఉంటారు. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చిన తర్వాత ఇంటిపేర్లు మార్చుకున్నవాళ్ళు, ఊళ్ళు మారినవాళ్ళు ఉన్నారు. యుద్ధంలో దిక్కులేకుండా వచ్చిన బిడ్డను కడుపులో పెట్టుకున్న ఆ తల్లి పేరును కొన్ని వంశవృక్షాల్లో ఖాళీగా వదిలేశారు. అది అన్యాయం. పేరు రాయండి.

పౌరసత్వం గురించి భయం, ఇంకో బర్మా

రంగూన్‌లో పుట్టింది కాబట్టి నాయనమ్మ భారతీయురాలేనా అన్న సందేహం ఈమధ్య చాలామందికి వస్తోంది. రాజ్యాంగం 5వ అధికరణం చూడండి. ఇక్కడ స్థిరనివాసం ఉండి, తాను ఇక్కడ పుట్టి ఉన్నా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టి ఉన్నా, 1950 జనవరి 26కు ముందు ఐదేళ్ళు ఇక్కడే ఉంటున్నా పౌరులే. తండ్రి కాకినాడ దగ్గర పుట్టి ఉంటే అదొక్కటే చాలు. అది చూపలేకపోయినా, 1945 జనవరి 26కు ముందు నుంచి ఇక్కడున్నట్టు చూపితే సరిపోతుంది. 1943, 1944 నాటి బడి రిజిస్టరు విలువ ఇక్కడ తెలుస్తుంది.

దీన్ని 1960ల నాటి బర్మా కాందిశీకులతో కలపకండి. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక వచ్చినవాళ్ళు వేరే తరం. ఉద్యోగ ప్రకటనల్లో “1963 జూన్ 1న గానీ తర్వాత గానీ బర్మా నుంచి వచ్చినవారు” అని వయసు సడలింపు కింద చదివి ఉంటారు. అది వాళ్ళకు. 1942లో వచ్చినవాళ్ళకు అది వర్తించదు.

ఎక్కడ వెతకాలి, ఏ వరసలో

ముందు ఇంట్లో పెట్టె. కరపత్రం ఒక్కటి దొరికినా దారి పడుతుంది. కరపత్రాల మీద తేదీ, వారం ఉంటాయి, ఏడాది ఉండకపోవడం మామూలే. ఆ రెండింటితోనే ఏడాది కట్టవచ్చు. ఉదాహరణకు “జనవరి 14 శుక్రవారం” అని ఉందనుకోండి. 1942 నుంచి 1950 దాకా జనవరి 14 శుక్రవారం పడింది రెండుసార్లే, 1944లో, 1949లో. ఆ రెండింటిలో ఏదన్నది మిగతా వేషధారుల పేర్లు, కాగితం నాణ్యం చూసి తేల్చాలి. యుద్ధంలో కాగితం కరువు కాబట్టి చిన్న సైజు, నాసిరకం కాగితం ఉంటే 1944 వైపు మొగ్గండి. “కొత్త టైం” అన్న మాట ఉంటే ఇంకా మంచిది. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచారు.

తర్వాత గ్రంథాలయాలు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల నిధి ఉంది. గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడ రామమోహన గ్రంథాలయం కూడా చూడాల్సినవే. పత్రికల్లో పిల్ల పేరు వెతకవద్దు. మేనమామ పేరు, నాటకం ఆడిన ఊరు, తేదీ రాసుకుంటూ వెళ్ళండి. రెండు మూడు సీజన్లకు ఊళ్ళ వరస తయారవుతుంది. జూన్, జూలైల్లో ఏ ఊళ్ళో ఉన్నారో చూడండి. నాటకాలు లేని నెలలు అవి, బడులు తెరిచే నెలలు కూడా అవే. పిల్లను బడిలో వేసింది ఆ ఊళ్ళోనే అయ్యుంటుంది. అప్పుడు ఆ ఊరి పాత ఎలిమెంటరీ బడికి వెళ్ళి ప్రవేశాల రిజిస్టరు అడగండి. ముందే వెళితే జిల్లాలో ఉన్న బడులన్నీ తిరగాల్సి వస్తుంది.

జిల్లా పేర్లు కూడా చూసుకోండి. అప్పటి గుంటూరు జిల్లాలో ఒంగోలు కూడా ఉండేది. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది, బాపట్ల, వేటపాలెం బాపట్ల జిల్లాలో, నరసరావుపేట పల్నాడులో, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి ఏమీ లేదని వచ్చేయకండి. ఆన్‌లైన్‌లో ఉన్నది 1980ల నుంచి వచ్చిన దస్తావేజులు, అవీ స్థిరాస్తివి. మీకు కావాల్సింది చేతిరాత పుస్తకాలు. వీలునామాలు, దత్తతకు ఇచ్చిన అధికార పత్రాలు 3వ పుస్తకంలో ఉంటాయి. దత్తత దస్తావేజు అయితే 4వ పుస్తకంలో ఉండవచ్చు. ఈ రెండు పుస్తకాలనూ మీకు తిప్పి చూడనివ్వరు, వెతికేది అధికారే. వీలునామా రాసినవాళ్ళు చనిపోయాక 3వ పుస్తకంలోని నకలు ఎవరైనా అడగవచ్చు, 4వ పుస్తకం నకలు మాత్రం ఆ పత్రంతో సంబంధం ఉన్నవాళ్ళకే. అర్జీలో మేనమామ పూర్తి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నది స్పష్టంగా రాయండి. స్టేజి పేరు రాస్తే దొరకదు.

బర్మా వైపు రికార్డులు చివర్న చూడండి. ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో ఇండియన్స్ ఓవర్సీస్ శాఖ దస్త్రాలు ఉన్నాయి, వాటి జాబితా అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో వెతకవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ కాందిశీకుల సాయం, శిబిరాలు, జిల్లా కలెక్టర్లతో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుస్తాయి. మనిషి పేరు దొరుకుతుందన్న ఆశ మీద టిక్కెట్టు కొనవద్దు. విదేశాల్లో దొరికే కాందిశీకుల జాబితాల్లో ఎక్కువ పేర్లు యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి. రేవు కూలీల కుటుంబాలను తలల లెక్కన రాశారు. కుటుంబం క్రైస్తవులదైతే మాత్రం చర్చి బాప్తిస్మం రిజిస్టరు అడగండి, తల్లి పేరు రాసే అలవాటు అక్కడుంది.

దొరికిన కరపత్రాన్ని లామినేషన్ చేయించకండి. నాసిరకం కాగితంలోని పులుపు లోపలే ఉండిపోయి మరింత పెళుసవుతుంది, తర్వాత విడదీయడం కుదరదు. మడతలు బలవంతంగా సాగదీయకుండా, తెల్ల కాగితాల మధ్య పెట్టి ఫోటో తీయండి, వెనక వైపు కూడా. పాత్రధారుల ఇళ్ళలో కరపత్రాల వెనక లెక్కలు రాసుకునేవారు. పెట్టె ఆయనకు ఇంత, బండికి ఇంత, పిల్లకు పరికిణీ గుడ్డ ఇంత అని పెన్సిలుతో ఉంటే, మీరు వెతుకుతున్న పిల్ల ఆ ఏడాది ఆ ఇంట్లో ఉన్నట్టే.